పొల్లు ముందా, హల్లు ముందా: కడప జిల్లాలో కొత్తవారి కోసం చేసిన బ్రెయిల్ ఎడిటర్ (కేస్ స్టడీ)

కడప జిల్లాలో ఒక మండలం. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో పనిచేసే టీచరమ్మకు చూపుంది. శిక్షణలో నేర్చుకున్న బ్రెయిల్ సగం గుర్తుంది, సగం పోయింది. సోమవారం పొద్దునకల్లా ఆమెకు తెలుగు ప్రశ్నపత్రం బ్రెయిల్లో కావాలి. అదే మండలంలోని హైస్కూల్లో చూపులేని తెలుగు మాస్టారున్నారు. చేత్తో చుక్కలు పొడిచే స్లేటూ స్టైలసూ ఆయనకు కొట్టినపిండి, కంప్యూటరే కొత్త. మూడో మనిషి ఎనిమిదో తరగతి పిల్లాడు. బ్రెయిల్ చదవడం బాగా వచ్చు, రాసింది దిద్దుకోవడం రాదు. కాగితం మీద లేచిన చుక్కను గోటితో నొక్కి చదును చేయడమే అతనికి తెలిసిన దిద్దుబాటు. ఈ ముగ్గురూ వాడుకోగల ఒకే ఎడిటర్ తయారుచేయాలన్నది పని. మొదటి కూర్పు ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, ఏం మార్చాక నిలబడింది అన్నది ఇక్కడ రాస్తున్నాం.

మొదటి నిర్ణయమే తప్పు

మొదటి కూర్పులో ఫైల్ లోపల ఉన్నది మామూలు తెలుగు యూనికోడ్ టెక్స్ట్. ప్రింట్ నొక్కినప్పుడు లిబ్‌లూయిస్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని బ్రెయిల్‌గా మార్చేది. లిబ్‌లూయిస్ ఉచితం, తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ లోపలా అదే ఉంది, తెలుగు పట్టిక కూడా ఉంది. టీచరమ్మకు ఈ పద్ధతి బాగానే సరిపోయింది. మాస్టారు ఆరు కీలతో టైపు చేయబోతే మొదటి ఊరి పేరు దగ్గరే ఆగిపోయింది. ఆ పేరు ఒంటిమిట్ట.

తెలుగుకు వాడేది భారతీ బ్రెయిల్, 1951లో ఖరారైన పద్ధతి. బ్రెయిల్లో సెల్ అంటే ఆరు చుక్కల గడి: ఎడమ నిలువు వరసలో పైనుంచి 1, 2, 3, కుడి వరసలో 4, 5, 6. లేచిన చుక్కల అంకెలతోనే సెల్‌ను చెబుతాం. భారతీ బ్రెయిల్లో గుణింతాలకు వేరే గుర్తులు లేవు. ఇకారం విడిగా ఉన్నా, హల్లు మీద గుడిగా ఉన్నా ఒకటే సెల్, 2-4. సున్నా 5-6. పొల్లు ఒంటరి 4వ చుక్క. ఆ పొల్లు హల్లుకు ముందు వస్తుంది. ఒంటిమిట్ట ఇలా ఉంటుంది: 1-3-4-6, 5-6, 2-3-4-5-6, 2-4, 1-3-4, 2-4, 4, 2-3-4-5-6, 2-3-4-5-6. మొత్తం తొమ్మిది సెల్స్. యూనికోడ్‌లోనూ సరిగ్గా తొమ్మిది గుర్తులే. తేడా అంతా ఏడు, ఎనిమిది స్థానాల్లో ఉంది. యూనికోడ్‌లో ముందు ట, తర్వాత పొల్లు. బ్రెయిల్లో ముందు పొల్లు, తర్వాత ట.

మాస్టారు 4 కొట్టగానే ఎడిటర్ ఆ పొల్లును తీసుకెళ్లి వెనకున్న 'మి'కి తగిలించింది. అక్కడ పొల్లు చెల్లదు కాబట్టి తెర మీద చుక్కల వలయం పడింది. తర్వాత వచ్చిన రెండు ట-లు విడివిడిగా నిలబడ్డాయి.

దీనికి వేసిన అతుకు ఏమిటంటే, పొల్లు వస్తే దాన్ని పట్టి ఉంచి, హల్లు వచ్చాక దాని వెనక పెట్టడం. బ్యాక్‌స్పేస్ నొక్కేదాకా ఆ అతుకు నిలిచింది. 4, ట కొట్టి ఒకసారి వెనక్కి నొక్కితే వేలి లెక్క ప్రకారం పోవాల్సింది ట. యూనికోడ్ వరసలో చివర ఉన్నది పొల్లు కనుక యంత్రం పొల్లును తీసేసింది. చూపున్నవాళ్లు తెర చూసి సర్దుకుంటారు. మాస్టారికి మాత్రం కొట్టింది ఒకటి, పోయింది ఒకటి.

ఇంకో అతుకు వేయవచ్చు. కానీ 'అక్షరం' అనే మాట చూడండి. క్ష-కు బ్రెయిల్లో ఒకటే సెల్, 1-2-3-4-5. మాట మొత్తం 1, 1-2-3-4-5, 1-2-3-5, 5-6, అంటే నాలుగు సెల్స్. యూనికోడ్‌లో క, పొల్లు, ష విడివిడిగా లెక్కకొస్తాయి, మొత్తం ఆరు. 'కృష్ణ' దీనికి తిరగబడి ఉంటుంది. వట్రసుడి యూనికోడ్‌లో ఒకటి, బ్రెయిల్లో రెండు సెల్స్: 5, ఆపైన 1-2-3-5. ఒకచోట సెల్స్ తక్కువ, ఒకచోట ఎక్కువ, ఒకచోట సమానమే కానీ వరస వేరు. ఇలాంటి రెండింటి మధ్య కర్సర్‌ను ఒకే తావున నిలబెట్టడం అతుకులతో అయ్యే పని కాదు.

అందుకే తిరగేశాం. ఫైల్ లోపల ఉండేది సెల్సే. తెర మీద కనిపించే తెలుగు పంక్తి ఆ సెల్స్‌ను చదివి చూపించే నీడ మాత్రమే. టీచరమ్మ తెలుగు టెక్స్ట్ అతికిస్తే లోపలికి వచ్చేటప్పుడే ఒక్కసారి సెల్స్‌గా మారిపోతుంది, ఆ తర్వాత దిద్దుబాట్లన్నీ సెల్స్ మీదే. నీడలో ఒక అక్షరం తప్పు చూపినా కాగితం మీద చుక్క మారదు. మిగతా నిర్ణయాలన్నీ దీని వెంట వచ్చినవే.

సెల్స్‌ను వెనక్కి చదివేటప్పుడు

నీడ చూపించాలంటే సెల్స్ నుంచి తెలుగుకు రావాలి. అక్కడ కొన్ని సెల్స్‌కు రెండేసి అర్థాలున్నాయి. 3-4-5-6 అంటే ణ, అదే అంకెల గుర్తు కూడా. 2-3-5 అంటే ఫ, అదే ఆశ్చర్యార్థకం. 2-5 అంటే ఞ, అదే రెండు చుక్కల విరామం. 2 అంటే కామా, అదే అవగ్రహం.

మొదటిది తేలిక. తెలుగు మాట ణ-తో మొదలుకాదు. కాబట్టి మాట మొదట్లో 3-4-5-6 వచ్చి, దాని వెనక అంకెలకు వాడే పది సెల్స్‌లో ఏదైనా ఉంటే అది అంకె, మాట మధ్యలో వస్తే ణ. 2-3-5 ముందు పొల్లు లేకుండా మాట చివర వచ్చి, దాని వెనక ఖాళీ ఉంటే ఆశ్చర్యార్థకం. ఈ నియమం పెట్టకముందు 'అబ్బ!' అని రాస్తే నీడ 'అబ్బఫ' అని చూపించి పిల్లలను నవ్వించింది. పొల్లు లేని ఫ-తో తెలుగు మాట ముగియడం అరుదు కనుక ఈ నియమంతో ఇబ్బంది రాలేదు.

నీడలో కాక నిజంగా కాగితం మీదే తప్పు పడే చోటు ఒకటుంది. '7గంటలకు' అని అంకెనూ మాటనూ కలిపి రాయడం మనకు అలవాటు. అంకెల గుర్తు తర్వాత 7 అంటే 1-2-4-5. గ కూడా 1-2-4-5. చదివే పిల్లాడి వేలికి అది డెబ్బై ఏడు, ఆపైన అర్థంకాని తోక. '10వ తరగతి' అంటే పర్వాలేదు, ఎందుకంటే వ సెల్ 1-2-3-6, అంకెల పదిలో లేదు. గొడవపెట్టే అక్షరాలు తొమ్మిది: అ, ఇ, ఏ, గ, చ, జ, ద, బ, హ. అంకె వెనక వీటిలో ఏది అంటుకుని వచ్చినా ఎడిటర్ మధ్యలో ఖాళీ సెల్ పెట్టి, పెట్టినట్టు చెబుతుంది. చెప్పకుండా పెట్టకూడదు. అలా పెడితే టీచరమ్మ దాన్ని పొరపాటనుకుని తీసేస్తుంది.

ఆరు కీలు

కీబోర్డు మీద ఎఫ్, డి, ఎస్ వరసగా 1, 2, 3 చుక్కలు. జె, కె, ఎల్ వరసగా 4, 5, 6. ఎడమ చూపుడు వేలు 1 మీద, కుడి చూపుడు వేలు 4 మీద. బ్రెయిల్ టైపు యంత్రమైన పర్కిన్స్ బ్రెయిలర్ మీద వేళ్లు ఎలా కూర్చుంటాయో ఇక్కడా అలాగే.

కీలన్నీ కలిపి నొక్కితే ఒక సెల్. ఆ సెల్ ఎప్పుడు పూర్తయినట్టు? మొదటి వేలు లేచినప్పుడా, చివరి వేలు లేచినప్పుడా? వేగంగా కొట్టేవారికి మొదటి వేలు లేవగానే ముగించాలి. లేకపోతే ఒక సెల్‌లో చివరి వేలు లేవకముందే తర్వాతి సెల్ మొదలై రెండూ కలిసిపోతాయి. కొత్తవారి సంగతి వేరు. వాళ్ల వేళ్లు ఒకేసారి దిగవు, ఒకేసారి లేవవు. 1-3 కొట్టబోయి ఎఫ్ నొక్కి, ఎస్ తగిలేలోపే ఎఫ్ వదిలేస్తారు. క రావాల్సిన చోట అ, దాని పక్కన 3వ చుక్క పడతాయి. ఆ 3వ చుక్క అరసున్నా. రాసినవారికి అది ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టదు.

అందుకని మూడు తీర్లు పెట్టాం. 'నిదానం'లో చుక్కలను ఒక్కొక్కటిగా నొక్కి స్పేస్‌తో సెల్ ముగించాలి. ఒంటిచేత్తో రాసేవారికీ ఇదే. 'మామూలు'లో అన్ని వేళ్లూ లేచాక సెల్ ముగుస్తుంది. 'వేగం'లో మొదటి వేలు లేవగానే ముగుస్తుంది, అప్పటికి ఇంకా కిందనే ఉన్న కీలు లేచి మళ్లీ నొక్కితేనే లెక్కకొస్తాయి. మొదటిసారి తెరిచినప్పుడు 'మామూలు' ఉంటుంది. కీని పట్టి ఉంచితే విండోస్ అదే కీని మళ్లీమళ్లీ పంపుతుంది. ఆ పునరావృత్తిని పట్టించుకోకూడదు. ఇది మరిచిపోతే నిదానంగా కొట్టేవారి ఫైల్ నిండా జంట సెల్స్ పడతాయి.

సాఫ్ట్‌వేర్‌ను ఎంత తిట్టినా బాగుపడని తప్పు ఒకటుంది, అది కీబోర్డుది. చవక కీబోర్డుల్లో లోపలి తీగల అమరిక వల్ల మూడు నాలుగు కీలు కలిపి నొక్కితే ఒకటి రెండు అందవు. ఢ-కు ఆరు చుక్కలూ కావాలి, అదే మంచి పరీక్ష. మొదటిసారి తెరవగానే 'ఆరు కీలూ కలిపి నొక్కండి' అని అడిగి, అందిన చుక్కలను పైకి చదివి వినిపిస్తాం. ఒక్కటి తగ్గినా కీబోర్డు మార్చమని అక్కడే చెబుతాం. ఒక బడిలో పిల్లాడికి ట రావడంలేదని కొన్నాళ్లు వేళ్లకు అభ్యాసం చేయించారు, తీరా చూస్తే కీబోర్డుకే ఆ ఐదు కీలు కలిపి అందవు.

మొదటి నమూనా బ్రౌజర్‌లో నడిచేది. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో, అంటే వెబ్ పేజీలో కీలతో తిరిగే తీరులో, ఎఫ్ నొక్కితే ఫారం గడికి, డి నొక్కితే ల్యాండ్‌మార్క్‌కు, ఎస్ నొక్కితే విభజన గీతకు, కె నొక్కితే లింకుకు, ఎల్ నొక్కితే జాబితాకు దూకుతుంది. మన ఆరు కీలలో ఐదు పోయినట్టే. కీలు నేరుగా పేజీకే అందే ఫోకస్ మోడ్‌కు మారితే సరిపోతుంది నిజమే, కానీ కంప్యూటరే కొత్తయిన మనిషికి ముందుగా రెండు మోడ్‌ల తేడా నేర్పాలి. అందుకే విడి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌గా చేశాం. అది ఇంటర్నెట్ లేకుండా నడవాలన్నది మండలాల్లో ఎలాగూ తప్పని షరతు.

వినిపించేది, కనిపించేది

4వ చుక్క కొట్టగానే 'పొల్లు' అని వినిపిస్తుంది. తర్వాత ట కొడితే 'ట్'. ఇంకో ట కొడితే 'ట్ట'. క తర్వాత 2-4 కొడితే 'ఇ' అనదు, 'కి' అంటుంది. బ్యాక్‌స్పేస్ ఒక సెల్‌నే తీస్తుంది. తీశాక రెండు మాటలు చెబుతుంది: పోయిందేమిటి, ఇప్పుడు ఎడమ పక్కన మిగిలిన అక్షరం ఏమిటి. ఒంటిమిట్టలో పొల్లు పోతే 'పొల్లు పోయింది, మి' అని వినపడాలి. 'మి' వినగానే తాను ఎక్కడున్నాడో పిల్లాడికి తెలుస్తుంది. కంట్రోల్‌తో కలిపి నొక్కితే మొత్తం అక్షరం పోతుంది. తెలుగు కీబోర్డుతో కొట్టేటప్పుడు మాత్రం ఈ రెండూ తారుమారు, ఎందుకంటే టీచరమ్మ సెల్స్‌లో ఆలోచించదు.

హల్లు లేకుండా మిగిలిపోయిన పొల్లు, జత లేకుండా మిగిలిన 5వ చుక్క, ఈ రెండే ఎడిటర్ తప్పుగా ఎంచేవి. మొదట్లో వీటికి 'చెల్లని సంయుక్త క్రమం' అని సందేశం రాశారు. అది ఎవరికి అర్థమవుతుంది? ఇప్పుడు 'పొల్లు వేశారు, హల్లు వేయలేదు' అని ఉంది.

తెర మీద పైన బ్రెయిల్ పంక్తి, కింద తెలుగు పంక్తి. కర్సర్ ఏ సెల్ మీద ఉన్నా, ఆ సెల్ చేరిన అక్షరం మొత్తం రెండు పంక్తుల్లోనూ వెలుగుతుంది. సెల్స్‌ను ఫాంట్‌తో కాక బొమ్మగా గీస్తాం, లేవని చుక్కలు కూడా లేత వలయాలుగా కనపడేలా. ఆరు స్థానాలూ కనపడకపోతే చూపున్న కొత్తవారు 2-6ను 1-5గా చదువుతారు. రెండూ ఒకే ఏటవాలు కదా. అక్కడ ఎ కాస్తా ఏ అయిపోతుంది.

ఇన్‌సర్ట్ కీని పనిచేయకుండా తీసేశాం. పొరపాటున అది తగిలి, మధ్యలో ఒక మాట చేర్చబోతే ఉన్న మాటలు మాయమయ్యేవి. వినికిడి మీదే ఆధారపడే మనిషి దాన్ని పేజీ చివరిదాకా గమనించలేడు.

అతికించిన టెక్స్ట్‌తో వచ్చే చిక్కులు

ప్రశ్నపత్రాలు ఎక్కువగా డీటీపీ సెంటర్ నుంచి వస్తాయి. అక్కడ ఇంకా అను ఫాంట్లు నడుస్తున్నాయి. తెర మీద తెలుగులా కనపడుతుంది కానీ లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలూ వింత గుర్తులూ. దాన్ని అలాగే మార్చితే పేజీల కొద్దీ అర్థంలేని చుక్కలు వస్తాయి. అతికించిన దాంట్లో యూనికోడ్ తెలుగు గుర్తు ఒక్కటీ లేకుండా ఇలాంటి గుర్తులు గుంపుగా ఉంటే ఎడిటర్ ఆగి, 'ఇది అను ఫాంట్ టెక్స్ట్‌లా ఉంది, యూనికోడ్‌లోకి మార్పించి తెండి' అంటుంది. మార్చడం మన పనిగా పెట్టుకోలేదు. ఆ ఫాంట్లలో కూర్పులు అనేకం, సగం సరిగా మార్చడం అసలు మార్చకపోవడం కన్నా ప్రమాదం.

యూనికోడ్‌లోనే ఉన్నా మూడు విషయాలు చూడాలి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు నిలబడటానికి మధ్యలో కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. పట్టికలో దానికి జాగా లేకపోతే లిబ్‌లూయిస్ దాని సంకేత సంఖ్యనే సెల్స్‌గా రాసేస్తుంది, మాట మధ్యలో పిచ్చి సెల్స్ దూరతాయి. మార్చే ముందే దాన్ని తీసేయాలి. రెండోది ఐత్వం: కొన్నిచోట్ల ఒకే గుర్తుగా, కొన్నిచోట్ల ఎత్వమూ దాని కింది తోకా విడివిడిగా వస్తుంది. ముందు ఒక రూపానికి తేవాలి. మూడోది సున్నా. టైపు చేసేవారు సున్నా బదులు తెలుగు అంకె సున్నానో, ఇంగ్లిష్ ఓ-నో కొడతారు. కంటికి తేడా తెలియదు, వేలికి 'కడప జిల్లా మండలం' లోని మండలం మూడు ముక్కలవుతుంది. రెండు తెలుగు అక్షరాల మధ్య చిక్కిన అంకె సున్నాను ఎడిటర్ 5-6గా మార్చి, మార్చిన చోట్లు లెక్కపెట్టి చెబుతుంది.

పాఠ్యపుస్తకాల పేజీలను ఇలా మార్చుకోవచ్చా అని టీచర్లు అడుగుతుంటారు. చూపులేని విద్యార్థుల చదువు కోసం లాభాపేక్ష లేకుండా చేసుకోవడానికి కాపీరైట్ చట్టం 2012 సవరణలో వీలు కల్పించింది.

పేజీ

సెల్‌కూ సెల్‌కూ దూరం సుమారు 6 మి.మీ., పంక్తికీ పంక్తికీ సుమారు 10 మి.మీ. అంచులు పోగా ఏ4 కాగితం మీద 30 సెల్స్, 27 పంక్తులు పెట్టుకున్నాం. పై పంక్తి పేజీ నంబరుకు పోతే మిగిలేది 26, అంటే 780 సెల్స్. 1,800 గుర్తులున్న అచ్చు పేజీ లెక్క ప్రకారం రెండున్నర లోపే పట్టాలి, కానీ మూడు పేజీలు పడుతుంది. కారణం తెలుగు మాటల పొడుగు. 'చదువుకుంటున్నప్పుడు' ఒక్కటే 19 సెల్స్. పంక్తిలో 18 మిగిలినా అది కిందికి దిగాల్సిందే.

విడగొట్టవచ్చు, 3-6 గీతతో. పొల్లుకూ దాని హల్లుకూ మధ్య, హల్లుకూ గుణింతానికీ మధ్య, సున్నాకు ముందు విడగొట్టకూడదు. అక్షరం మొదలయ్యే చోటే విరవాలి: చదువు, కుంటు, న్నప్పుడు. కొత్తగా చదివేవారికి ఇచ్చే కాగితాల్లో విడగొట్టడం పూర్తిగా ఆపేయమనే మా సలహా. కాగితం కాస్త ఎక్కువైతే అయింది. పేరా మూడో సెల్ నుంచి మొదలు, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఒక ఖాళీ పంక్తి. పట్టికలను జాబితాగా విప్పాలి. 30 సెల్స్‌లో మూడు నిలువు వరసల తెలుగు పట్టిక ఎవరివల్లా కాదు.

ఫైల్, ఎంబాసర్

కాగితం మీద చుక్కలు అచ్చువేసే యంత్రాలు ఎంబాసర్లు. వాటికి పంపేది బీఆర్ఎఫ్ ఫైల్. ఒక్కో సెల్‌కు ఒక్కో కీబోర్డు గుర్తు, ఖాళీతో కలిపి మొత్తం 64. 'కర్నూలు' దాంట్లో కే, ఎట్ గుర్తు, ఆర్, ఎన్, వెనక్కి వాలిన గీత, ఎల్, యూ అని ఉంటుంది. టీచరమ్మ దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైల్ పాడైందనుకుంటుంది. వర్డ్‌లో తెరిచి దిద్దితే నిజంగానే పాడవుతుంది. 3వ చుక్కకు ఒంటి కోట్, 5వ చుక్కకు జంట కోట్ గుర్తులు. కొత్తగా కొట్టిన కోట్‌ను వర్డ్ వంకర కోట్‌గా మార్చేస్తుంది, కృష్ణలో వట్రసుడి పోతుంది. అందుకే 'సేవ్' అంటే ఎప్పుడూ మన సొంత ఫైలే. బీఆర్ఎఫ్ 'ఎంబాసర్‌కు పంపు' అన్న చోట మాత్రమే పుడుతుంది.

పంపేటప్పుడు విండోస్‌లో 'జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ' డ్రైవర్ ఎంచుకోవాలి. ఎంబాసర్‌లో పంక్తి పొడుగు ఫైల్‌లోని దానికన్నా తక్కువగా ఉంటే, ఉదాహరణకు ఫైల్ 30, యంత్రం 28, ప్రతి పంక్తి నుంచీ రెండు సెల్స్ కిందికి జారి వాటికే ఒక పంక్తి పోతుంది. కాగితం రెట్టింపు అవుతుంది. అక్షర పట్టిక వేరే దేశానిది ఉంటే చాలా సెల్స్ సరిగా వచ్చి కొన్నే మారతాయి, అది ఇంకా కష్టం. అందుకే మెనూలో 'పరీక్ష పేజీ' పెట్టాం. అందులో 63 సెల్స్ వరసగా, కింద 30 సెల్స్ నిండు పంక్తి ఒకటి, ఒంటిమిట్ట, అక్షరం, కృష్ణ, కర్నూలు, ఢంకా. మాస్టారు వేలితో ఒకసారి చదివితే యంత్రం సంగతి తేలిపోతుంది.

వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, బడి కంప్యూటర్లకు యూపీఎస్ ఉంటుందన్న భరోసా లేదు. 30 సెకన్లకోసారి వేరే పేరుతో రాసి, పూర్తిగా రాశాకే పాత ఫైల్ స్థానంలో పెడతాం. నేరుగా పాత ఫైల్ మీదే రాస్తే, మధ్యలో కరెంటు పోయినప్పుడు కొత్తదీ దక్కదు, పాతదీ దక్కదు.

తేలనిది ఒకటి మిగిలింది. తెలుగు వాక్యం మధ్య ఇంగ్లిష్ మాట ఉంటే సెల్స్ చూసి అది ఇంగ్లిషని పోల్చుకోవడం మా ఎడిటర్‌కు రాదు, నీడ దాన్ని తెలుగుగా చదివేస్తుంది. ప్రస్తుతం ఆ ముక్కను ఎంచుకుని 'ఇంగ్లిష్' అని ముద్ర వేయాలి. ఆ ముద్ర మన ఫైల్‌లోనే ఉంటుంది. బీఆర్ఎఫ్‌గా బయటికి వెళ్లి తిరిగొచ్చిన ఫైల్‌లో అది ఉండదు, మళ్లీ వేయాల్సిందే.